సగం వనం

1947 అక్టోబరు 26, ఆదివారం. దసరా వెనకాలే బక్రీదు వచ్చిన ఏడు అది. ఆ సాయంత్రం మా ఇంట్లో మిగిలిన భక్ష్యాలను పెనం మీద వెచ్చచేసుకుని తిన్నాం. పక్కింటి హైదర్ సాబ్ వాళ్ళు పంపిన పండుగ కూరను జొన్నరొట్టెలతో తిన్నాం. ఆ పైన గుట్ట మీది సీతాఫలాలు. మా అమ్మ వెంకటమ్మ ఆ కూర ముట్టదు. కాని గిన్నెను మాత్రం తానే తోమి, నాలుగు భక్ష్యాలు పెట్టి, "ఉత్త గిన్నె పంపితే జమీలాబీ ఏమనుకుంటది" అని వెనక్కి పంపింది. మేం నలుగురం కలిసి కూర్చుని తిన్న ఆఖరి పండుగ భోజనం అది.

నలుగురమంటే అమ్మ, నేను, పదమూడేళ్ళ నా కూతురు అమృత, నా భార్య భాగ్యమ్మ తమ్ముడు గోవిందు. భాగ్యమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు దాటింది. నేను హైదరాబాదులో కాలేజీ చదువు ముగించి వనపర్తికి వచ్చి, మిడిల్ స్కూల్లో భూగోళం చెప్పుకుంటూ బతుకుతున్నాను. గోవిందు మెట్రిక్ తప్పి మళ్ళీ కట్టడానికని మా దగ్గరే ఉన్నాడు. చదివేది తక్కువ, స్నేహితులతో తిరిగేది ఎక్కువ. అక్క పోయిన ఇంట్లో వాడొక్కడే గట్టిగా నవ్వే మనిషి కాబట్టి నేనేమీ అనేవాణ్ణి కాదు.

ఆ రోజు వాడూ అమృతా సీతాఫలాలకని నక్కలగుట్టకు పోయి, పొద్దుగూకాక వచ్చారు. బుట్టనిండా కాయలు. అమృత చేతిలో చుట్టిన కాగితం. తిండి దగ్గర దాన్ని విప్పలేదు. భక్ష్యాల గిన్నె అందిన మర్యాదకు నాలుగు మాటలు మాట్లాడిపోదామని హైదర్ సాబ్ వచ్చి అరుగు మీద కూర్చున్నాక తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టింది.

హైదర్ సాబ్ భూములు కొలిచే బందోబస్తు ఖాతాలో నక్షాలు గీసి పింఛను పుచ్చుకున్న మనిషి. ఈ తాలూకాలో ఆయన కొలత గొలుసు పడని పొలం లేదు. అమృతకు పెన్సిలు పట్టడం నేర్పింది ఆయనే. పువ్వులూ చిలకలూ నేర్పలేదు. ఒక రాయిని ముందు పెట్టి, వారం రోజులు ఆ రాయినే గీయించాడు.

"అంత దగ్గర పెట్టుకోకుండ్రి మాస్టర్ సాబ్," అన్నాడు, నేను వంగి చూడబోతే. "ముక్కుకు ఆనిచ్చుకొని చూసేది చిట్టీని. బొమ్మను గిట్ల చెయ్యి చాపి చూడాలె."

చేయి చాపి పట్టుకున్నాడు. నేను లాంతరు ఎత్తాను. ఒట్టి పెన్సిలు గీతలు. నక్కలగుట్ట, దాని వెనక ఇంకో గుట్ట, ముందు వాగు, వాగు ఒడ్డున ఈతవనం. అంతే. కాని చూస్తుంటే కాళ్ళ కింద గులకరాళ్ళు తగిలినట్టయింది. దగ్గరి గుట్టను నల్లగా, బండలు బండలుగా గీసింది. వెనక గుట్టను పెన్సిలు ఆనీ ఆనకుండా, పొగలాగా వదిలేసింది.

"ఈ వెనక గుట్ట నేను నేర్పలే," అన్నాడు హైదర్ సాబ్ మెల్లగా. "నౌకరీల ఉన్నన్ని దినాలు గుట్టలు గీసిన. నా గుట్టలన్నీ ఒక్క తీరుగనే నల్లగుంటుండె. దూరం పోయినకొద్ది పలచబడ్తదని నాకెవరు చెప్పలే. ఈ పిల్లకు ఎవరు చెప్పిండ్రు?"

"కండ్లకు గట్లనే కనబడ్డది తాతా," అంది అమృత.

ఆయన నవ్వాడు. చాలాసేపు చూశాడు. ఆ చూపు వెనక గుట్ట మీది నుంచి దిగి, వాగు దాటి, వనం దగ్గరికొచ్చి ఆగింది.

"మరి కుడిదిక్కు ఏంది బేటీ? ఎడమకు చెట్లు నిలబడ్డయ్. కుడికి ఉత్త మొద్దులేనాయె."

"నేను గీసేటప్పుడు గట్లనే ఉన్నయ్."

గోవిందు చెంబు తీసుకుని చేయి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు. వాడి కుడిచేతికి గుడ్డపీలిక చుట్టి ఉంది. హైదర్ సాబ్ దాన్ని చూశాడు. "ఉన్నదున్నట్టు. మంచిది," అని కాగితం అమృతకిచ్చేసి, కర్ర తీసుకుని లేచాడు.

భాగ్యమ్మ పోయాక ముందుగదిలో ఆ గోడ మీద మేమేదీ పెట్టలేదు. ఆ రాత్రి గంజి చిక్కగా కాచి, ఆ బొమ్మను గోడకు అంటించాను. నిద్రపోయే ముందు మళ్ళీ ఒకసారి లాంతరెత్తి చూసుకున్నాను కూడా.

మర్నాడు బడిలో తెలిసింది. నక్కలగుట్ట కింది ఈతవనం మొత్తం నరికేశారు.

ఆ రోజుల్లో జిల్లా అంతటా అదే మాట. కల్లు మీద వచ్చే పన్నుతోనే సర్కారు ఖజానా నడుస్తుంది, చెట్లు పడితే ఖజానా పడుతుందని, నవాబు పాలన పోవాలనే ఉద్యమపు పిల్లలు రాత్రికి రాత్రి వనాలు కూల్చేవారు. మా ఊరివాళ్ళు పండుగపూట అదను చూసుకున్నారు. కల్లు పన్ను చూసే ఆబ్కారీ జవాన్లు పండుగ విందుల దగ్గర, గీతవాళ్ళు ఊళ్ళో కల్లు అమ్మకం దగ్గర. మిట్టమధ్యాహ్నం మొదలుపెట్టి పొద్దు వాలేసరికి ముగించారట.

టీచర్లందరూ గుసగుసలాడుకుంటుంటే నాకు చెవుల్లో ఏమీ పడలేదు. ఆదివారం పొద్దున ఆ వనం నిండుగా నిలబడి ఉంది. సాయంత్రానికి మొత్తం నేల మీద ఉంది. మా గోడ మీద మాత్రం సగం నిలబడి, సగం పడి ఉంది. ఆ వనాన్ని అలా చూసినవాళ్ళెవరైనా నరుకుతున్నప్పుడు అక్కడ ఉన్నవాళ్ళే.

ఇంటికొచ్చి గోవిందును మధ్యగదిలోకి పిలిచాను.

"చెయ్యి చూపియ్యి."

పీలిక విప్పాడు. అరచేయంతా బొబ్బలు. అంతకుముందు గొడ్డలి పట్టని చేయి.

"పిల్లను ఎందుకు తీసుకపోయినవ్ రా?"

"ఒక్కన్నే పోతే అనుమానపడ్తరని బావా. సీతాఫలాలకని చెప్పొచ్చని." తల ఎత్తలేదు. "దూరంగ బండ మీద కూసోబెట్టిన. ఏదో ఒక పువ్వు గీసుకుంట కూసుంటదనుకున్న."

"మన అమృత పువ్వు గీసుకుంట కూసునే పిల్లనా?"

పీలిక మళ్ళీ చుట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళవాడు. పట్టుకుంటే ముందు కొడతారు, తరువాత జైలు. అప్పట్లో జైలుకు పోయినవాళ్ళ కబురు ఇళ్ళకు సరిగా చేరేది కాదు.

అమృత పెరట్లో తులసికోట దగ్గర సీతాఫలం గింజలు ఏరుతోంది. పక్కన కూర్చున్నాను.

"బిడ్డా, ఆ మొద్దుల మీద చెట్లు గియ్యి."

"ఆడ చెట్లు లేకుండె నాయినా."

"తెలుసు. అయినా గియ్యి."

"లేని చెట్టు గీయొద్దన్నడు తాత. నక్షాల లేని చెట్టు ఒక్కటి గీస్తే ఒకని పొలం ఇంకొకనికి పోతదట. ఒకసారి గట్లనే అయి, ఒకాయన బాయిల దూకిండట." గింజలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోసుకుంది. "చింపుతే చింపు నాయినా. నేనేమన. గీయ మాత్రం గీయ."

చింపవచ్చు. కాని పొద్దటి నుంచి మా అమ్మ వాడకట్టులో ఉన్న ఆడవాళ్ళందరినీ పిలిచి, మనవరాలి బొమ్మను చూపించి ముచ్చటపడింది. ఆకుకూరలమ్మే యాదమ్మ సైతం గంప దించి చూసిపోయింది. రేపు గోడ ఖాళీగా కనబడితే ఏమైందని అడగని నోరుండదు. ఉన్న బొమ్మ కన్నా లేని బొమ్మే ఎక్కువ మాట్లాడుతుంది.

"ఎవరన్న వచ్చి నిన్ను అడిగితేనో?" అన్నాను.

అమృత గింజలు తులసికోట గట్టు మీద పోసింది.

"నన్ను అడగనియ్యకు నాయినా," అంది.

అప్పటి నుంచి మా ఇంట్లో నడక మారింది. తలుపు చప్పుడైతే అమ్మ చేతిలోని చాట ఆగేది. గోవిందు పుస్తకం ముందు కూర్చుని ఒకే పేజీ చూసేవాడు. నేను బడికి పోతూ వస్తూ ముందుగదిలో ఆ గోడ వైపు చూడకుండా దాటడం నేర్చుకున్నాను. అమృత ఒక్కతే ఎప్పటిలా ఉంది, లేదా అలా ఉన్నట్టు కనబడింది. పెన్సిలు మాత్రం ముట్టలేదు.

వనం గుత్తకు పట్టిన ఆసామి ముందుగా గీతకార్మికుడు నాగన్న మీద పడ్డాడు. పక్క వనంవాళ్ళతో కుమ్మక్కై వాడే కొట్టించాడని ఫిర్యాదు. నాగన్నను ఠాణాలో ఉంచుకుని, ఏమీ రాబట్టలేక వదిలారు. మా వీధిలోంచే ఇంటికి పోయాడు. ఎడమకాలు నేలకు ఆనించలేకపోతున్నాడు. అమ్మ పరుగెత్తుకుపోయి, అరుగు మీద కూర్చోబెట్టి, జొన్న అంబలి తాగించింది.

"మీద పడి కొట్టినా నొప్పి తెల్వలే అవ్వా," అన్నాడతను. "యాడ ఉన్నవ్ రా ఆ పూట అని అడిగితే నోరు రాలే. కల్లు అమ్ముకుంట ఉన్న. నా చెట్లు పడుతుంటే నేను వాటి కల్లే అమ్ముకుంట ఉన్న."

లోపల గోవిందు కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ పూట వాడు తిననేలేదు.

దీపావళి ముందు అమీన్ సాబ్ వచ్చాడు.

పోలీసు అమీన్, అంటే ఠాణా పెద్ద, ఇంటికి రావడమంటే ఏదో వాసన తగిలిందన్నమాట. గుట్ట ఎదురుగా, వాగు ఇవతల బండపై ఒక ఆడపిల్ల కూర్చుని ఏదో రాసుకుంటుండగా మేకలు కాసేవాడెవడో చూశాడట. ఊళ్ళో కూర్చుని రాసుకునే ఆడపిల్లలు ఎందరుంటారు? వెంట జవాను బాబా. బాబా మా వాడకట్టువాడే, నోరు పెద్దది, చేయి దురుసు. అమీన్ సాబ్ అలా కాదు. జోళ్ళు గడప బయట విడిచి లోపలికొచ్చాడు. వేసిన కుర్చీలో కూర్చోలేదు.

"మాస్టర్ సాబ్, తకలీఫ్ ఇస్తున్న. మాఫ్ చెయ్యండి," అంటూనే గదిని ఒక చుట్టు చూశాడు. ఆ చూపు గోడ మీద ఆగింది.

ముందు దూరంగా నిలబడి చూశాడు. ఆ తరువాత ముక్కు ఆనించి చూశాడు.

"నక్కలగుట్ట."

"అవును."

"ఎవరు గీసిండ్రు?"

"మా అమ్మాయి. పండుగ సెలవులల్ల."

వేలు తెచ్చి కుడివైపు మొద్దుల మీద పెట్టాడు. మొద్దు నుంచి మొద్దుకు జరిపాడు. "ఇవేంది?"

నేను ఆయన కూర్చోని కుర్చీని ఇంకాస్త ముందుకు జరిపాను. గోవిందు మధ్యగది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కుడిచేయి వీపు వెనక దాచుకున్నాడు. అమీన్ వంటింటి తలుపు చాటున ఉన్న అమృత వైపు తిరిగాడు.

"బేటీ, జర ఇట్ల రా."

"ఆడపిల్లను కచేరిల అడిగినట్టు అడుగుతవా అయ్యా?" మా అమ్మ అడ్డం వచ్చింది. "తల్లి లేని పిల్ల. ఏదో ఇంత గీసుకున్నది. పిచ్చిగీతలకు గూడ పన్నేసిండ్రా మీ సర్కారు?"

బాబా నవ్వబోయి అమీన్ ముఖం చూసి మానేశాడు.

"కోపం వద్దమ్మా. బొమ్మ గురించే అడుగుత."

"అమీన్ సాబ్," అన్నాను. "పిల్లకు నేర్పింది పక్కింటి హైదర్ సాబ్. నక్షానవీసు. బొమ్మ సంగతి ఆయననే అడగండి."

ఆయన వచ్చి ఏం చెబుతాడో నాకు తెలియదు. ఒక్క నిమిషమైనా అమృతను ఎవరూ అడగకుండా ఆపాలి, అంతే. అమీన్ తల ఊపాడు. బాబా వెళ్ళాడు. అమృత గుమ్మం దాటి వచ్చి నా పక్కన నిలబడి, కాలి బొటనవేలితో నేలను రాస్తూ ఉంది.

హైదర్ సాబ్ నమాజు టోపీతోనే వచ్చాడు. జేబులోంచి దారం కట్టిన అద్దాలు తీసి చెవులకు తగిలించుకున్నాడు. తాను చేయి చాపి, లాంతరు వెలుగులో అంతసేపు చూసిన ఆ బొమ్మ ముందుకు, ఎన్నడూ చూడనట్టు వెళ్ళి నిలబడ్డాడు.

"ఛీ," అన్నాడు.

అమృత తల ఎత్తింది.

"దీన్నా గోడకు అంటిచ్చింది? మాస్టర్ సాబ్, మీకు చదువుంది గాని కండ్లు లేవు. సగం పనిని ఎవరన్న గోడకు పెడ్తరా? నా పేరు జెప్పి నలుగురికి చూపిస్తున్నరట గూడ. ఇజ్జత్ నాది పోతది."

"సగం పనా?" అన్నాడు అమీన్.

"మా ఖాతాల పద్ధతి మీకు ఎరుకనే ఉంటది సాబ్. వనం గీయాలంటే ముందుగాల మొదళ్ళు పెడ్తం. ఈ కొసకెల్లి ఆ కొస దాంక, యాడ చెట్టుంటే ఆడ ఒక మొదలు. వరుస తప్పకుండ ఉంటదని. ఆ వెనక ఒక్కొక్క చెట్టును లేపుకుంట వస్తం. ఈమె ఎడమదిక్కు లేపింది. కుడిదిక్కు మొదళ్ళు పెట్టి సీతాఫలాలు తిన పోయింది. బద్ధకం. వెనక గుట్ట చూడండి, పెన్సిలు గూడ ఆనిచ్చలే. కష్టపడబుద్ధి కాలే."

ఆయన మెచ్చుకున్న గుట్ట అది. తనకెవరూ చెప్పలేదన్న గుట్ట. అమృత ఒక అడుగు ముందుకు వేసింది. నేను ఆమె భుజం పట్టుకున్నాను. ఇప్పుడు ఈ పిల్ల కోపంతో ఒక్క మాట అంటే చాలు. కాదు తాతా, నేను ఉన్నదున్నట్టే గీసిన, అంటే చాలు, మేం దొరికిపోయినట్టే.

అమీన్ సాబ్ ఆయన ముఖంలోకి కొంచెంసేపు చూశాడు. తరువాత కోటు జేబులోంచి పెన్సిలు తీశాడు.

"అట్లయితే లేపమనండి. నేను చూస్త."

పెన్సిలు అమృత ముందుకు చాపాడు. అమృత దాన్ని తీసుకోలేదు. హైదర్ సాబ్ వైపు చూసింది.

"గియ్యమంటవా తాతా?"

"గియ్యి."

"నువ్వే అంటున్నవా?"

ఆయన అద్దాల దారం సరిచేసుకున్నాడు.

"నేనే అంటున్న బేటీ."

అమ్మ పీట తెచ్చి వేసింది. అమృత ఎక్కి నిలబడింది. మొదటి మొద్దు మీద పెన్సిలు పెట్టి అలాగే ఆగిపోయింది. బయట వీధిలో ఎవరో గాడిదను అదిలించుకుంటూ పోయారు. అమృత కళ్ళు మూసుకుని తెరిచింది. ఆ తరువాత గీయడం మొదలుపెట్టింది.

నేననుకున్నట్టు తొందరగా, ఒకే పోతగా పోయలేదు. ఒక చెట్టును వాగు మీదికి వంచింది. దాని పక్కదాన్ని నిటారుగా లేపి, మెడ దగ్గర గీత గాట్లు పెట్టింది. రెండు చెట్లను ఒకే మొదట్లోంచి చీల్చింది. ఒకదానికి మట్టలన్నీ ఒకే పక్కకు వాల్చింది. పెన్సిలు మొన గోడ మీద గరగరలాడే చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు. అమీన్ సాబ్ ఒక అడుగు దగ్గరికి జరిగాడు. ఇంకో అడుగు జరిగాడు. ఆఖరి చెట్టుకు మట్టలు పెడుతుంటే అతని చేయి తనకు తెలియకుండానే గాలిలో ఆ వంపు వెంట కదిలింది.

"వాహ్," అన్నాడు లోగొంతుతో.

అమృత దిగి పెన్సిలు ఇవ్వబోతే, "నీ దగ్గరనే ఉండనియ్యి," అన్నాడు. గడప దాటి జోళ్ళు తొడుక్కుంటూ, నా వైపు చూడకుండా, "బొమ్మ నిండింది మాస్టర్ సాబ్. ఇగ మీ ఇంటివాళ్ళను గుట్ట దిక్కు పోనియ్యకుండ్రి," అన్నాడు. ఆ మాటలో ఏముందో ఇన్నేళ్ళయినా నేను తేల్చుకోలేకపోయాను.

వాళ్ళు వీధి మలుపు తిరిగాక హైదర్ సాబ్ మా అరుగు మీద కూలబడ్డాడు. అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నౌకరీ మొత్తంల ఒక్క తప్పు నక్షా గీయలే మాస్టర్ సాబ్," అన్నాడు. "ఇయ్యాల నోటితోని గీసిన."

అమృత వచ్చి ఆయన ముందు నిలబడింది. కోపం పోలేదు, ముఖం ఎర్రగానే ఉంది.

"నేను లేనివి గీయలే తాతా. వాళ్ళు కొట్టకముందు ఎట్లుండెనో గట్లనే గీసిన. గుట్ట ఎక్కేటప్పుడు అన్నీ చూసిన. మతికున్నయ్."

ఆయన ఆ పిల్ల ముఖంలోకి చూశాడు. "అరే," అన్నాడు. "గా మాట నాకు తోచకపాయె." కర్ర మీద భారం వేసి లేస్తూ ఆమె తల మీద చేయి పెట్టాడు. ఆ చేయి బరువుకు ఆమె మెడ కొంచెం వంగింది. "వెనక గుట్ట సంగతి నేనన్నది మర్చిపో," అన్నాడు.

గండం గడిచిందనుకున్నాం. అమ్మ పొయ్యి రాజేసింది. గోవిందు అన్ని రోజుల తరువాత కడుపునిండా నీళ్ళు తాగి, మధ్యగదిలో మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్నాడు. ఆ రోజుల్లో దీపం పెట్టగానే ఊళ్ళో తలుపులన్నీ మూతపడేవి. నేను మూయబోతుంటే గడప ముందు నాగన్న నిలబడి ఉన్నాడు.

"సారూ, మీ ఇంట్ల నా వనం ఉన్నదంట. బాబా జవాను నవ్వుకుంట చెప్పిండు. నీ చెట్లు మళ్ళ లేసినయ్, పోయి కల్లు తీసుకో అన్నడు." నవ్వడానికి ప్రయత్నించాడు. "ఒక్కసారి సూసిపోవచ్చునా?"

రావద్దని ఎలా అనగలను? కాలు ఈడ్చుకుంటూ లోపలికొచ్చాడు. అమ్మ దీపం తెచ్చి గోడ దగ్గర పట్టుకుంది. నాగన్న తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. చేయి పంచెకు తుడుచుకుని ముందుకు చాపాడుగాని, బొమ్మను తాకకుండానే దించుకున్నాడు. అలాగే నేల మీద చతికిలబడ్డాడు.

దీపం ఇంకొంచెం దించమని అమ్మకు సైగ చేశాడు.

"వాగు మీదికి వంగింది గిదేనవ్వా," అన్నాడు. "మా నాయిన నన్ను మొట్టమొదలు ఎక్కిచ్చింది దీన్నే. వంగి ఉన్నది గద, పడినా నీళ్ళల్ల పడ్తవ్ లే అన్నడు." ముక్కు చీదుకున్నాడు. "పొద్దు నెత్తి మీదికి వచ్చేటప్పుడు దీని నీడ గీ బండ దాంక వస్తుండె. ఆ నీడల పండుకుంటుంటి. నీడ గూడ ఏసింది సూడు పిల్ల."

నాకు కూడా అప్పుడే కనబడింది ఆ నీడ. ఒక్క సన్నటి గీత. ఇన్ని రోజులు ఆ బొమ్మలో నేను చూసింది నేరాన్నే. ఆ పూట ఆమె గీస్తున్నప్పుడు కూడా ఆ నీడను చూడలేదు.

నాగన్న మోకాళ్ళ మీద లేచి దగ్గరికి జరిగాడు. వనం కుడివైపు, చెట్ల పాదాల దగ్గర అతని చూపు నిలిచింది.

"బిడ్డా," అన్నాడు. "ఈ మొదళ్ళు దిట్టంగ నల్లగున్నయ్. మీది చెట్టు లేతగున్నది. ఏది ముందు గీసినవ్?"

అమ్మ దీపాన్ని గోడకు దూరంగా జరిపింది.

"మొదళ్ళు," అంది అమృత.

"ఎప్పుడు గీసినవ్?"

నన్ను అడగనియ్యకు నాయినా అంది ఈ పిల్ల. అమీన్ అడగకుండా ఆపగలిగాం. ఈ మనిషిని ఎవరు ఆపాలి, ఏమని ఆపాలి? అమృత నా వైపు చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. ఆ పిల్ల నాగన్న ముందుకొచ్చి, అతనితోపాటు నేల మీద కూర్చుంది.

"వాళ్ళు కొడుతుంటె," అంది.

మధ్యగదిలో మంచం కిర్రుమంది. గోవిందు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నాగన్నా, నేనే. నాతోని ఇంకా..."

"మిగిలినోళ్ళ పేర్లు నాకొద్దు." నాగన్న వెనక్కి తిరగలేదు. "ఎవల చెట్లనుకున్నవ్ పిలగా?"

"సర్కారుకు పోయే పైసలు ఆపాలని..."

"పైసలు సర్కారుయి. చెట్లు నావి."

గోవిందు గోడకు ఆనుకున్నాడు. వాడి ముఖం చూడలేకపోయాను. కొంతసేపటికి, "నేను ఇప్పుడే అమీన్ దగ్గరికి పోత. ఒప్పుకుంట. నిన్ను కొట్టిండ్రు గద," అన్నాడు.

అప్పుడు తిరిగాడు నాగన్న. "పోయి? నా చెట్లు లేస్తయా? నువ్వు ఒప్పుకుంటే చూసిందెవరు అని అడుగుతరు. ఈ పిల్లను తీసుకపోయి కచేరిల నిలబెడ్తరు. నన్ను అడిగినట్టు అడుగుతరు. గట్ల సమ్మతమేనా నీకు?"

గోవిందు అమృత వైపు చూశాడు.

"ఏడికన్న పో. ఏటవతలికి, ఈ సర్కారు లేని దిక్కుకు పో. ఈ పిల్ల ఉన్న ఊర్ల ఉండకు."

"తెల్లారెటాల్లకు పోత," అన్నాడు గోవిందు.

నాగన్న తలగుడ్డ చుట్టుకున్నాడు. లేవలేకపోతుంటే గోవిందు చేయి అందించాడు. నాగన్న ఆ చేతిని చూశాడు. బొబ్బలు మానిన చోట్ల కొత్త తోలు ఇంకా గులాబీగానే ఉంది. పట్టుకోలేదు. గోడ పట్టుకుని లేచాడు. అమృతను దాటి పోతూ, "మంచిగ గీసినవ్ బిడ్డా," అన్నాడు.

అతను గడప దాటగానే వీధిలో బూట్ల చప్పుడు, ఆ వెనక గస్తీ తిరిగే బాబా గొంతు.

"ఏం నాగన్నా! కండ్లనిండ చూసినవా నీ వనాన్ని? నీ చెట్లేనా, కాదా?"

మేమంతా దీపం వెలుగులో ఉన్నాం. వీధిలోకి తిన్నగా కనబడేలా గోవిందు గది మధ్యలో నిలబడి ఉన్నాడు, కళ్ళ నిండా నీళ్ళు. నాగన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అతని వీపే మాకు కనబడుతోంది.

"నా వనం యాడిదన్నా," అన్నాడు. "పిల్లలు ఏవో చెట్లు గీసుకున్నరు. ఈత చెట్టు ఏదో తాడిచెట్టు ఏదో తెల్వనోళ్ళు గీసినట్టున్నది. అనవసరంగ నడిపిచ్చినవ్ నన్ను, కుంటికాలుతోని."

బాబా పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు ఇంకా వీధిలో ఉండగానే నాగన్న చేయి వెనక్కి చాచి, తలుపు రెక్కలు రెండింటినీ చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, మా ఇంటి తలుపును బయటి నుంచి మూశాడు.